తోట అందరిది, మాట ఎవరిది?

సింగపూర్ వాయవ్య భాగంలో, బుకిట్ తిమా అడవి పక్కనే బుకిట్ పంజాంగ్ అనే పట్టణం ఉంది. 1980లలో ఇక్కడి పల్లెల స్థానంలో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ వరసగా అపార్ట్‌మెంట్లు కట్టుకుంటూ వచ్చింది. 2020 జనగణన నాటికి ఊరి జనాభా లక్షా ముప్పై ఎనిమిది వేలు. ఒక పూట నడిస్తే ఇక్కడ నాలుగు రకాల పచ్చదనం ఎదురవుతుంది. ఒక అంచున జెంగ్‌హ్వా, చెస్ట్‌నట్, డెయిరీ ఫామ్ పేర్లతో ప్రకృతి పార్కులు. అపార్ట్‌మెంట్ల మధ్య పొట్టిగా కోసిన గడ్డి, దాని మీద పెద్ద చెట్ల నీడ. కాండోమినియంల గేట్ల లోపల ఈతకొలనులు, వాటి చుట్టూ కత్తిరించిన పూలపొదలు. ఇవి కాక, ఏదో ఒక బ్లాకు పక్కన నాలుగు మళ్లలో బెండ, కాకర, పండన్, కరివేపాకు పెంచుకునే నివాసుల తోట. ఈ పచ్చదనానికి డబ్బు ఎవరిస్తున్నారు, దాని గురించి నిర్ణయం ఎవరిది, అందులో చెమటోడ్చేది ఎవరు? ఈ మూడు ప్రశ్నలకు నాలుగు చోట్లా నాలుగు వేర్వేరు జవాబులు వస్తాయి. ఆ తేడాను అర్థం చేసుకుంటే, కోకాపేట, తెల్లాపూర్, మధురవాడ, తాడేపల్లి గేటెడ్ కమ్యూనిటీల్లో మూడేళ్లు తిరక్కుండానే లాన్ ఎందుకు ఎండిపోతోందో, పార్కు పార్కింగ్‌గా ఎందుకు మారుతోందో కూడా అర్థమవుతుంది. మెయింటెనెన్స్ చందా ఎంత పెంచినా ఉమ్మడి తోట దానితోనే బతకదు. ఎవరి మాట ఎంతవరకు చెల్లుతుందో ముందే రాసుకుని, అక్కడ ఉండేవాళ్ల చేతికి కొంత నేలను నిజంగా అప్పగించిన చోటే అది బతుకుతుంది.

ముందు చెట్ల సంగతి. సింగపూర్ పచ్చదనం కథ 1963 జూన్ 16న అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ ఫారర్ సర్కస్ దగ్గర ఒక మొక్క నాటడంతో మొదలైందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1967లో ఉద్యాన నగరం అన్న లక్ష్యాన్ని ప్రకటించారు. 1971 నుంచి ఏటా నవంబరులో మొక్కలు నాటే దినం జరుపుకుంటున్నారు. ఇవన్నీ అందరూ చెప్పేవే. వాటికన్నా ముఖ్యమైంది 1975లో వచ్చి, 2005లో కొత్త రూపు దిద్దుకున్న పార్కులు, చెట్ల చట్టం. దాని ప్రకారం వృక్ష సంరక్షణ ప్రాంతాల్లోనూ ఖాళీ భూముల్లోనూ చుట్టుకొలత ఒక మీటరు దాటిన చెట్టును కొట్టాలంటే నేషనల్ పార్క్స్ బోర్డు అనుమతి కావాలి. నాటడం ఒక రోజు పండుగ. ఆ తర్వాత ముప్పై ఏళ్లపాటు చెట్టును చూడటం, వేళ్లు కుళ్లాయా అని పరీక్షించడం, కొమ్మ ఎక్కడ కొట్టాలో తెలిసి కొట్టడం నిపుణుల పని. అంత శ్రద్ధ పెట్టినా 2017 ఫిబ్రవరిలో బొటానిక్ గార్డెన్స్‌లో 270 ఏళ్లకు పైబడిన టెంబుసు చెట్టు కూలి ఒక మహిళ ప్రాణం పోయింది. 2021 ఫిబ్రవరిలో మార్సిలింగ్ పార్కులో మరో చెట్టు కూలి ఇంకొకరు చనిపోయారు. కాబట్టి పెద్ద చెట్టు విషయాన్ని ఇరుగుపొరుగు ఓటుకు వదలకూడదు. ఆకులు రాలుతున్నాయని మూడో అంతస్తువాళ్లు కొట్టెయ్యమన్నా, నీడ కావాలని కింది ఇంటివాళ్లు వద్దన్నా, మాట చెల్లాల్సింది చెట్టును పరీక్షించినవారిదే. మనకూ 2002 నాటి వాల్టా చట్టం ఉంది, చెట్టు కొట్టడానికి అనుమతి తప్పనిసరి అని అందులోనూ ఉంది. కానీ ప్రహరీ లోపల ఉన్నది సొంత చెట్టే కదా అన్న ధీమాతో రంపం పట్టే అసోసియేషన్లకు ఆ సంగతి గుర్తుండదు.

రెండోది, అపార్ట్‌మెంట్ల మధ్య గడ్డి. హెచ్‌డీబీ ఫ్లాటు కొన్నవారికి 99 ఏళ్ల లీజు మీద ఇల్లు దక్కుతుంది. కింద నేల, మెట్లు, లిఫ్టు, చెట్లు టౌన్ కౌన్సిల్ నిర్వహణలో ఉంటాయి. 1988లో వచ్చిన టౌన్ కౌన్సిళ్ల చట్టం ఈ బాధ్యతను ఎన్నికైన పార్లమెంటు సభ్యుల చేతిలో పెట్టింది. బుకిట్ పంజాంగ్‌ను చూసేది హాలండ్–బుకిట్ పంజాంగ్ టౌన్ కౌన్సిల్. ప్రతి ఇంటివారూ నెలనెలా సేవా రుసుము కడతారు. చిన్న ఫ్లాటుకు తక్కువ, పెద్దదానికి ఎక్కువ. అందులో కొంత భాగాన్ని రంగులు, లిఫ్టులు వంటి పెద్ద ఖర్చుల కోసం నిధిగా పక్కన పెట్టడం చట్టరీత్యా తప్పనిసరి. పార్లమెంటు సభ్యుడి పనితీరును వీధి చివరి గడ్డి చూసి తూచగలిగే ఏర్పాటు ఇది. దీని మంచిని తక్కువ చేయకూడదు. చెత్త పేరుకోదు, పొదలు దారికి అడ్డం పెరగవు, కొమ్మ విరిగితే మనుషులు వెంటనే వస్తారు. 2015 నుంచి వన్‌సర్వీస్ అనే యాప్ కూడా ఉంది. ఏ శాఖ పరిధి అన్న గొడవ లేకుండా ఫోటో తీసి పంపితే సంబంధిత సంస్థకు చేరుతుంది.

ఈ ఏర్పాటుకు ఒక లోటు ఉంది. అది కనిపించేది పచ్చికలోనే. ఇక్కడ ఏడాదికి సగటున 2,100 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, అదీ ఏడాది పొడవునా. వెడల్పాటి ఆకులుండే కౌ గ్రాస్ అనే గడ్డి నీరు పెట్టే పని లేకుండానే అల్లుకుపోతుంది. అందుకని కోత ఎప్పటికీ ఆగదు. నడుముకు కట్టుకున్న మిషన్లతో కోసేవాళ్లు, వెనకే ఆకులు ఊదేవాళ్లు, వాళ్లు వెళ్లాక మళ్లీ అదే గడ్డి. అందులో కూర్చునేవారూ ఆడుకునేవారూ తక్కువ. కోసేవాళ్లలో పెద్ద భాగం భారత్, బంగ్లాదేశ్ నుంచి వర్క్ పర్మిట్ మీద వచ్చినవారు. ఏ మొక్క ఎందుకు పెట్టారో వాళ్లకు ఎవరూ చెప్పరు, వాళ్లూ నివాసులను అడగలేరు. నివాసులకు చేతిలో ఉన్న పని ఒక్కటే, ఫిర్యాదు చేయడం. డబ్బు ఒకరిది, నిర్ణయం ఒకరిది, చెమట ఇంకొకరిది అయినప్పుడు ఫిర్యాదులు తగ్గడమే పని బాగుందనడానికి కొలమానం అవుతుంది. పొట్టిగా కోసిన గడ్డి మీద ఫిర్యాదు రాదు, పక్షులకు పురుగులకు చోటిచ్చే పొదల మీద వస్తుంది. కాబట్టి గడ్డే మిగులుతుంది. శుభ్రమైన, క్షేమమైన నేల అది. దాన్ని తోట అనడానికి మాత్రం నాకు మనసొప్పదు.

మూడోది కాండో. ఇది మన గేటెడ్ కమ్యూనిటీకి అచ్చంగా దగ్గర. 2004లో వచ్చిన భవన నిర్వహణ, స్ట్రాటా చట్టం కింద యజమానులందరూ కలిసి ఒక మేనేజ్‌మెంట్ కార్పొరేషన్ అవుతారు. ఒక్కో ఫ్లాటుకు ఉన్న షేర్ విలువను బట్టి చందా, దాన్ని బట్టే ఓటు. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం, రోజువారీ పనికి మేనేజింగ్ ఏజెంటు. చెస్ట్‌నట్ అవెన్యూలో ట్రీ హౌస్ అనే కాండో 24 అంతస్తుల ఎత్తున గోడ మీద పెంచిన నిలువు తోటతో 2014లో గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ పచ్చని గోడ విస్తీర్ణం 2,289 చదరపు మీటర్లు. ఎండ వేడిని ఆపి ఏసీ ఖర్చు తగ్గించాలన్న ఆలోచన అందులో ఉంది, అది మెచ్చదగ్గ ఆలోచనే. అయితే రికార్డు నాటినందుకు వస్తుంది. అంత ఎత్తున తీగలకు నీరందించడం, ఎండిన చోట మళ్లీ నాటడం, తాళ్ల మీద వేలాడుతూ కత్తిరించడం ఆ తర్వాత ఏటేటా సాగాల్సిన పనులు. కట్టిన సంస్థ ఒకసారి ఖర్చు పెడుతుంది, కొన్నవాళ్లు ఉన్నంతకాలం పెడుతూనే ఉండాలి. ఉమ్మడి పచ్చదనంలో అసలు అన్యాయం పుట్టేది ఇక్కడే. ఏ మొక్కలు ఎక్కడ ఉండాలో నిర్ణయించేవారు అమ్మకం పూర్తయ్యాక ఉండరు, ఉండేవారికి ఆ నిర్ణయంలో పాలు లేదు.

మన దగ్గర ఇది ఇంకా తీవ్రం. బ్రోషర్‌లో అరెకా పామ్‌లు, బోగన్‌విల్లాలు, కొరియన్ గడ్డి, మధ్యలో ఫౌంటెన్ ఉంటాయి. 2016 రెరా చట్టం పార్కులను, ఆట స్థలాలను ఉమ్మడి ప్రాంతాల్లో చేర్చింది. సగానికి పైగా ఇళ్లు బుక్ అయిన మూడు నెలల్లోపు కొనుగోలుదారుల సంఘం ఏర్పడేలా చూడాలంది, ఉమ్మడి ప్రాంతాలను ఆ సంఘానికి అప్పగించాలంది. అంతకు ముందే ఉమ్మడి రాష్ట్రంలో 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఉంది. చట్టానికి కొదవ లేదు. అప్పగింత రోజున లిఫ్టులు, జనరేటర్లు, మురుగునీటి శుద్ధి ప్లాంటు (ఎస్టీపీ) వరసగా పరీక్షించి సంతకాలు పెట్టించుకునే కమిటీలు తోట విషయంలో ఎన్ని చెట్లున్నాయి, అవి ఏ జాతివి, నీటి గొట్టాలు ఎక్కడున్నాయి, మట్టి ఎంత లోతు పోశారు అని అడగవు. సెల్లార్ పైకప్పు మీద రెండడుగుల మట్టిలో నాటిన చెట్టు ఎన్నాళ్లు నిలుస్తుంది? కోనోకార్పస్ కథ అందరికీ తెలిసిందే. తొందరగా పెరుగుతుంది, పశువులు తినవు అని తెలంగాణలో రోడ్ల మధ్య, గేటెడ్ కమ్యూనిటీల ప్రహరీల వెంట విపరీతంగా నాటారు. తర్వాత పుప్పొడి, వేళ్ల సమస్యలు చెప్పి ప్రభుత్వమే వద్దంది. నాటేటప్పుడు నివాసులను ఎవరూ అడగలేదు, తీసేసే ఖర్చు మాత్రం వాళ్ల చందాలోంచే పోయింది.

ఇక నాలుగోది, నివాసుల తోట. నేషనల్ పార్క్స్ బోర్డు 2005లో ‘కమ్యూనిటీ ఇన్ బ్లూమ్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఇప్పుడు దేశమంతటా హెచ్‌డీబీ ఎస్టేట్లలో, బడుల్లో, ఆసుపత్రుల్లో, ప్రైవేటు ఇళ్ల కాలనీల్లో కలిపి ఇటువంటివి 1,500కు పైగా ఉన్నాయి. పద్ధతి తేలిక. తోట కావాలనుకునే నివాసులు ఒక బృందంగా ఏర్పడతారు. హెచ్‌డీబీ ఎస్టేట్‌లో అయితే టౌన్ కౌన్సిల్ అనుమతితో కొంత నేల దక్కుతుంది. మట్టి, మొక్కల గురించి బోర్డు సలహాలిస్తుంది. తవ్వేదీ నాటేదీ నీరు పోసేదీ కోసేదీ నివాసులే. వీటితోపాటు పార్కుల్లో అలాట్‌మెంట్ తోటలున్నాయి. రెండున్నర మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఉండే మడిని ఒక ఇంటికి ఒకటి చొప్పున లాటరీ తీసి, ఏటా కొద్దిపాటి రుసుముతో మూడేళ్లకు ఇస్తారు. 2020లో కోవిడ్ సమయంలో బోర్డు నాలుగు లక్షలకు పైగా ఇళ్లకు విత్తనాల పొట్లాలు పంపింది. ఈ తోటల విస్తీర్ణం దేశం మొత్తం పచ్చదనంలో గుక్కెడు. కానీ ఖర్చు, నిర్ణయం, శ్రమ ఒకే చోట కలిసేది ఇక్కడొక్కటే. అలసంద పాదు ఎండిపోతే యాప్‌లో ఫోటో పెట్టే అవసరం రాదు. ఎవరి వంతో అందరికీ తెలుసు.

ఇది మంచి మనసున్నవాళ్ల ముచ్చట మాత్రమే, పెద్ద స్థాయిలో పని చేయదు అనేవారికి జవాబు సింగపూర్‌లో వెతకాల్సిన పని లేదు, కర్నూలు జిల్లాలోనే ఉంది. 1968లో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త ఉమ్మడి ఆస్తి ఏదైనా చివరికి నాశనమవుతుందనీ, దాన్ని ప్రైవేటుపరం చేయడమో ప్రభుత్వం చేతిలో పెట్టడమో తప్పదనీ వాదించాడు. ఆ మాట ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లోకెక్కింది. రాబర్ట్ వేడ్ అనే ఆర్థికశాస్త్రవేత్త కర్నూలు జిల్లా కాలువ కింది గ్రామాల్లో తిరిగి, 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ అనే పుస్తకం రాశాడు. కొన్ని ఊళ్లలో పంచాయతీరాజ్ వ్యవస్థతో సంబంధం లేకుండా రైతులే ఒక పెద్దల సభ పెట్టుకున్నారని ఆయన గమనించాడు. కాలువ నీటిని పొలాలకు పంచడానికి ఊరి తరఫున మనుషులను పెట్టుకున్నారు. పశువులు పడి మేయకుండా కాపలాదారులను పెట్టుకున్నారు. కోతల తర్వాత మోళ్లలో గొర్రెలను మేపుకునే హక్కును వేలం వేసి, ఆ డబ్బుతో ఊరి నిధి నడిపారు. పక్క ఊళ్లోనే ఇవేవీ లేవు. ఎందుకీ తేడా? కాలువ పైభాగంలో నీళ్లు పుష్కలంగా అందే ఊళ్లకు ఆ అవసరం రాలేదు. చివరి భూముల్లో, నీళ్లు అందుతాయో లేదో తెలియని ఊళ్లు కట్టుబాటు పెట్టుకున్నాయి. జనం మంచివాళ్లా చెడ్డవాళ్లా, కులాల పొత్తు ఎలా ఉంది అన్నవాటికన్నా, కలవకపోతే ఎంత నష్టమో కళ్లకు కనబడటమే నిర్ణాయకమైందని వేడ్ తేల్చాడు. రెండేళ్ల తర్వాత, 1990లో ఎలినార్ ఆస్ట్రమ్ ప్రపంచంలోని ఇటువంటి ఉదాహరణలు పోగు చేసి, నిలిచిన కట్టుబాట్లలో ఉమ్మడి లక్షణాలను చూపింది. హద్దు స్పష్టంగా ఉండాలి, నియమాలు ఆ చోటికి సరిపడాలి, వాటిని పాటించేవారే వాటిని మార్చుకోగలగాలి, తప్పు చేస్తే చిన్న జరిమానాతో మొదలవ్వాలి, తగవు తీర్చే చోటు దగ్గరలో ఉండాలి. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

సింగపూర్‌లో ఇదంతా నడిచేది జరిమానాల భయంతో, బలమైన ప్రభుత్వంతో. మన దగ్గర అది కుదరదు అని తరచూ వినిపించే అభ్యంతరానికి వేడ్ చూసిన ఊళ్లే జవాబు. వాటి వెనక ఏ ప్రభుత్వమూ లేదు. చెట్ల విషయంలో రాజ్యం బలం కావాలి, ఒప్పుకుంటాను. పూలమడి విషయంలో అక్కర్లేదు. అసలు సింగపూర్ తనకున్న బలమంతా ఉండి కూడా 2005లో కొంత నేలను జనం చేతికి ఎందుకిచ్చింది? గడ్డి కోయించడం ఆ ప్రభుత్వానికి బాగా తెలుసు. ఆ గడ్డిని నివాసులు తమది అనుకునేలా చేయడం ఆదేశాలతో అయ్యే పని కాదు కనకే ఇచ్చిందని నేననుకుంటాను.

ఇంకో అభ్యంతరం వీటన్నిటికన్నా బలమైంది. ఉమ్మడి నేలను నివాసుల బృందానికిస్తే నలుగురైదుగురు దాన్ని సొంతం చేసుకుంటారు. తాళం వేస్తారు, కాయలు వాళ్లే కోసుకుంటారు, కొత్తగా అద్దెకొచ్చినవారిని లోపలికి రానివ్వరు. ఇది ఊహ కాదు. సింగపూర్‌లోనూ కొన్ని తోటలకు కంచెలున్నాయి, కాయలు దొంగిలిస్తారన్న భయం వాళ్లకూ ఉంది. కంచె వేసిన ఉమ్మడి తోట దారిన పోయేవారికి పరాయిదే. దీనికి మందు తోటను ఎత్తేయడంలో లేదు, గడువులో ఉంది. అలాట్‌మెంట్ మడికి మూడేళ్ల గడువు, ఇంటికి ఒక్కటే అన్న నియమం, లాటరీ పద్ధతి పెట్టింది ఇందుకే. మన అసోసియేషన్‌లో మడి ఇస్తే రెండేళ్లకు మించకూడదు. సొంత ఇంటివారికీ అద్దె ఇంటివారికీ ఒకే హక్కు ఉండాలి. వేప, మామిడి, మునగ, కరివేపాకు చెట్లు ఎవరి మడిలోనూ ఉండకూడదు, అందరి దారి పక్కన ఉండాలి. ఉగాదికి వేపపువ్వు, మామిడాకులు కోసుకోవడానికి ఒక రోజు, ఒక మనిషి ముందే నిర్ణయమవ్వాలి. అది లేకపోతే తెల్లవారేసరికి కొమ్మలు విరిగి ఉంటాయి.

మొక్కలు పెరిగితే దోమలు, పాములు వస్తాయన్న భయాన్ని కొట్టిపారేయడం తప్పు. సింగపూర్‌లో 2020లో డెంగీ కేసులు 35,000 దాటాయి, 2022లోనూ 32,000కు పైనే. అయితే డెంగీ దోమ గుడ్లు పెట్టేది నిలవ నీటిలో. కుండీ కింద పళ్లెంలో, మూసుకుపోయిన కాలువలో, పడేసిన డబ్బాలో. రోజూ మనిషి చేయి పడే మడిలో కన్నా ఎవరూ తొంగిచూడని అలంకరణ కుండీలోనే దానికి చోటు దొరుకుతుంది. బుకిట్ పంజాంగ్‌కు దోమ కన్నా పెద్ద అతిథి కూడా ఉంది. 1980లలో వేసిన బుకిట్ తిమా ఎక్స్‌ప్రెస్‌వే అడవిని రెండుగా చీల్చింది. ఆ చీలికను కలపడానికి 2013లో రోడ్డు మీదుగా చెట్లతో జంతువుల వంతెన కట్టారు. అడవి అంచునే ఇళ్లు ఉండటంతో కోతులు, అడవిపందులు బ్లాకుల దాకా వస్తాయి. 2022లో ఇక్కడ అడవిపంది దాడిలో మహిళలు గాయపడ్డారు. దీన్ని చూసి పొదలన్నీ నరికేయమనేవారు ఉన్నారు. పందిని రప్పించేది పొద కన్నా ముందు తిండి. తిండి పెట్టడం, చెత్తబుట్ట తెరిచి ఉంచడం, రాలిన పండ్లను వదిలేయడం దానికి దారి చూపుతాయి. అందుకే 2020 నుంచి వన్యప్రాణులకు తిండి పెట్టడం నేరం, మొదటిసారికే 5,000 సింగపూర్ డాలర్ల దాకా జరిమానా. అడవి అంచున పందులు తినే ఆయిల్‌పామ్ చెట్లను పార్క్స్ బోర్డు తీసేస్తోంది కూడా. ఏ చెట్టు ఎక్కడ ఉండకూడదో తెలుసుకోవడమూ తోటపనిలో భాగమే. మన ప్రహరీల లోపల పాము విషయంలో చేయాల్సిందీ అంతే. చెత్త కుప్ప లేకుండా, ఎలుక చేరకుండా చూసుకోవాలి.

ఉద్యోగాలతో సతమతమయ్యేవారికి తోటపనికి తీరిక ఎక్కడిది అంటారు. అందరూ చేయాలని ఎవరూ అనడం లేదు. వందకు పది ఇళ్లు చేస్తే చాలు, అందులో రిటైరైన పెద్దలు, ఊళ్లో పొలం వదిలి పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు ఎలాగూ ఉంటారు. మట్టి తెలిసిన ఆ చేతులు పదో అంతస్తు బాల్కనీలో ఖాళీగా ఉన్నాయి. మరి తోటమాలి సంగతి? నివాసులు చేయి వేస్తే అతని పని పోదు, పనికి గౌరవం పెరుగుతుంది. సింగపూర్ 2016 నుంచి ల్యాండ్‌స్కేప్ పనివారికి నైపుణ్యం పెరిగిన కొద్దీ పెరిగే కనీస వేతన నిచ్చెన పెట్టింది. అది స్థానికులకే వర్తిస్తుంది, వలస కూలీకి అందదు. ఆ ఏర్పాటులో నేను ఒప్పుకోలేనిది అదే. మన దగ్గర ఆ నిచ్చెన కూడా లేదు. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన మనిషికి ఏజెన్సీ ఇచ్చే జీతం ఎంతో, అందులో చేతికి ఎంత వస్తుందో కమిటీకి తెలియదు. ఏ మందు ఏ మోతాదులో కొట్టాలో అతనికి ఎవరూ నేర్పరు, చేతికి గ్లౌజులు ఇవ్వరు. తోట బాగుండాలని అడిగేవారు ముందు అడగాల్సింది ఇది.

నీటి దగ్గర మాత్రం సింగపూర్ మనకు దారి చూపదు. హైదరాబాద్‌లో ఏడాదికి పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు, అదీ దాదాపు అంతా నాలుగు నెలల్లోనే. అక్కడి లాన్‌ను ఇక్కడ పరిస్తే ఏప్రిల్‌లో ట్యాంకర్లతో తడపాల్సిందే. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని తోటలకు, కార్లు కడగడానికి వాడితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించాల్సి వచ్చింది. అమెరికాలోనూ ఆలోచన మారింది. పచ్చటి లాన్ లేకపోతే ఇంటి యజమానికి నోటీసు పంపే సంఘాలున్న టెక్సస్‌లో, నీరు తక్కువ తాగే మొక్కలు పెట్టుకోవడాన్ని సంఘాలు నిషేధించకూడదని 2013లో చట్టం వచ్చింది. డల్లాస్ చుట్టుపక్కల స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలకు ఆ హక్కు ఉంది. నెవాడా మరో అడుగు వేసి, లాస్ వేగస్ ప్రాంతంలో ఎవరూ నడవని అలంకార పచ్చికకు 2027 నుంచి కొలరాడో నది నీటిని వాడకూడదని 2021లో శాసనం చేసింది. లాన్ తీసేస్తే ఫ్లాటు ధర పడిపోతుందని భయపడేవారు మే నెలలో ఎండి పసుపెక్కిన లాన్ ఫోటోతో ఫ్లాటు అమ్మి చూడాలి. కానుగ, వేప, పొగడ, నేరేడు నీడనిస్తాయి, మన వాన వాటికి సరిపోతుంది. గడ్డి పిల్లలు ఆడుకునే ఒక్క చోట ఉంటే చాలు, ఆ ఒక్క చోటికి ఎస్టీపీ నీరు సరిపోతుంది.

కాబట్టి ఈ పత్రిక చదివే అపార్ట్‌మెంట్ వాసులకు ఒక మనవి. వచ్చే సర్వసభ్య సమావేశం నోటీసు వచ్చినప్పుడు తోటను అజెండాలో విడి అంశంగా చేర్చమని రాతపూర్వకంగా అడగండి. చెట్ల లెక్క తీయించి జాతి, వయసు, పరిస్థితితో ఒక రిజిస్టరు పెట్టించండి. కొట్టే నిర్ణయం కమిటీ చేతిలోంచి తీసి, నిపుణుడి నివేదికకూ వాల్టా అనుమతికీ ముడిపెట్టండి. లాన్‌లో సగాన్ని నీడచెట్లకు, పదో వంతును నివాసుల మళ్లకు గడువుతో కేటాయించమనండి. తోటమాలి జీతం, పని గంటలు, నీటి ఖర్చు నోటీసు బోర్డులో పెట్టించండి. కార్పస్ ఫండ్‌లో లిఫ్టుకూ రంగుకూ పక్కన పెట్టినట్టే చెట్లకూ కొంత పక్కన పెట్టమనండి. అద్దెకున్నవారికి సమావేశంలో ఓటు లేకపోయినా తోట విషయంలో మాట్లాడే హక్కు ఇవ్వండి, రోజూ అందులో నడిచేది వాళ్లూనూ. ఈ సమావేశం మృగశిర కార్తెకు ముందే జరిగితే, మొక్కలు ఈ తొలకరికే నాటుకోవచ్చు.